అక్కడా సోమ, బుధ, శుక్రాలే

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఒకటే మాట, సముద్రం. మా ఊరికి సముద్రం లేదు. ఉన్నా అది మా ఆయన కంటికి ఆనేది కాదు. ఆయన వెళ్ళాలనుకున్నది కరీబియన్ సముద్రంలో ఉన్న ఒక చిన్న దేశానికి. పటంలో అన్నం మెతుకంత ఉంటుంది. రెండు విమానాలు మారితే గాని చేరలేం.

అసలు మేము ఎక్కడికైనా వెళ్ళాలనుకోవడమే విడ్డూరం. ఆయన కిడ్నీలు పనిచేయడం మానేసి అప్పటికి ఆరేళ్ళు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటికల్లా ఆసుపత్రి మూడో అంతస్తులో, డయాలిసిస్ కుర్చీలో ఉండాలి. నాలుగు గంటల పాటు ఒంట్లో రక్తం బయటికొచ్చి, మిషన్లో శుభ్రపడి, మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఆ మూడు రోజులూ నేను నాలుగున్నరకి లేస్తాను. మందులు, దుప్పటి, రిపోర్టుల ఫైలు సర్ది, ఆయన్ని లేపి, టాక్సీ ఎక్కిస్తాను. పదకొండింటికి ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, పన్నెండున్నరకి లాండ్రీ దుకాణంలో నా డ్యూటీకి చేరుకుంటాను. బట్టలు తీసుకోవడం, మరకలున్న చోట సుద్దముక్కతో గీత పెట్టడం, చీటీ గుచ్చడం, తిరిగిచ్చేటప్పుడు మడతలు చూసుకోవడం నా పని. సాయంత్రం ఏడు దాకా నిలబడే ఉండాలి. మిగతా రోజులు కొంచెం తేలిక. కొంచెమే.

ఆ దేశం మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఆయన పాతికేళ్ళు ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపారు. ఒకసారి ఎవరో టూర్ల కంపెనీ వాళ్ళు పుస్తకాలు వేయమని ఫోటోలు ఇచ్చారు. అందులో ఆ దేశపు బీచి ఉంది. నీళ్ళు మరీ లేతగా, ఆకుపచ్చా నీలమా తేలకుండా ఉన్నాయట. ఫోటోలో ఏదో లోపముందనుకుని ఈయన నీలం సిరా కాస్త పెంచి వేశారు. కంపెనీ వాళ్ళు కట్టలకి కట్టలు వెనక్కి పంపారు. సముద్రం అసలు రంగే అది, మీ సొంత తెలివి ఎవరు చూపించమన్నారు అన్నారు. మళ్ళీ వేసిచ్చారు గాని ఈయనకి నమ్మకం కుదరలేదు. "నీళ్ళకి ఆ రంగుండదు. ఎక్కడా ఉండదు" అని పాతికసార్లైనా అని ఉంటారు. ఒంట్లో బాగాలేక ప్రెస్సు అమ్మేశాక ఆ మాట ఇంకా ఎక్కువైంది.

మార్చిలో ఒక బుధవారం ఆసుపత్రిలో అదే కథ మొదలుపెట్టారు. పక్క కుర్చీలో టీచరమ్మ ఉంటుంది. ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. మా ఆయనకంటే రెండేళ్ళు సీనియర్, డయాలిసిస్‌లో.

"ఏమయ్యా ప్రెస్సాయనా, ఆ సముద్రం కథ ఇంకెన్నిసార్లు చెప్తావు? వెళ్ళి చూసి రారాదూ?" అంది.

"వెళ్తాను టీచరమ్మా. ఈ మిషన్ నెత్తినెట్టుకుని వెళ్తాను."

"నెత్తినెందుకు? అక్కడ మనుషులకి కిడ్నీలు పాడవ్వవా? వాళ్ళకీ మిషన్లుంటాయి."

మా ఆయన నవ్వబోయి ఆగిపోయారు. అటు వెళ్తున్న హెడ్ సిస్టర్ని టీచరమ్మ పిలిచి అడిగింది. ముందుగా రాసి, రిపోర్టులు పంపితే బయటి ఊళ్ళ వాళ్ళకి కూడా చాలాచోట్ల చేస్తారని, ఇంతకుముందు ఇక్కణ్ణుంచి ఒకాయన కూతురి పెళ్ళికి అలాగే వెళ్ళొచ్చాడని సిస్టర్ చెప్పింది. చెప్పి ట్రే తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి తెలీదు మా కొంపలో ఏం పెట్టి వెళ్ళిందో.

ఆ రోజు టాక్సీలో ఈయన కళ్ళు మూసుకోలేదు. మామూలుగా డయాలిసిస్ అయ్యాక పిండేసిన బట్టలా వాలిపోతారు. ఆ రోజు నిటారుగా కూర్చుని, "వాళ్ళకో ఉత్తరం రాద్దామా?" అన్నారు.

"రాద్దాం" అన్నాను. రానిస్తారా పాడా, రాస్తే పోయేదేముంది అనుకున్నాను.

ఉత్తరాలు రాయడం నా వంతైంది. లాండ్రీలో రద్దీ లేనప్పుడు ఫోన్లో టైపు చేసి, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిన రోజు టీచరమ్మకి చూపించేదాన్ని. ఆవిడ ఒక చెయ్యి మిషన్‌కి ఇచ్చేసి, రెండో చేత్తో నా ఫోను పట్టుకుని దిద్దేది.

"ఈ 'కైండ్లీ'లు ఎన్ని పెట్టావమ్మా? అడుగుతున్నామా, అడుక్కుంటున్నామా?" అని రెండు తీసేసింది.

మూడు క్లినిక్కులకి రాశాం. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు చోటు లేదన్నారు. మూడోవాళ్ళు మూడు వారాల తర్వాత రాశారు. మే నెలలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం ఏడింటికి, మీ భర్తగారి కోసం ఎదురుచూస్తుంటాం అని. కింద నర్సు పేరు, ఆవిడ ఫోన్ నంబరు.

టీచరమ్మ ఆ జవాబు గదిలో అందరికీ వినబడేలా చదివింది. పదకొండు కుర్చీల్లో ఉన్న పదకొండుమందీ మా ఆయన్ని చూశారు. చప్పట్లు కొడదామంటే ఎవరికీ రెండో చెయ్యి ఖాళీ లేదు. ఒకాయన కుర్చీ చెక్క మీద దరువేశాడు. మిగతావాళ్ళూ వేశారు.

"మేలోనే వెళ్ళి వచ్చెయ్యాలి. జూన్ వస్తే అక్కడ తుఫాన్ల కాలం" అంది టీచరమ్మ. "ఇంకోటి. కొబ్బరినీళ్ళు ముట్టుకోకూడదు. అరటిపండు, మామిడిపండు వైపు పోకూడదు. అంతా పొటాషియమే. చూడ్డానికే వెళ్తున్నావు, గుర్తుంచుకో."

"చూపులకి పొటాషియం అంటదుగా టీచరమ్మా" అన్నారు ఈయన. ఆయన అలా వేళాకోళమాడి ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు.

డాక్టరు మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. చార్టు తిరగేసి, "రెండు డయాలిసిస్‌ల మధ్య మూడున్నర, నాలుగు కిలోలు పెరిగి వస్తున్నారు. అదంతా నీరే. ఇంత నీరు గుండె మీద పెట్టుకుని విమానం ఎక్కుతానంటే నేను సంతకం పెట్టను" అన్నాడు. "ఆరు వారాలు రెండు కిలోలు దాటకుండా చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం."

నీళ్ళ సంగతి నన్నడగాలి. రోజుకి ముప్పావు లీటరు ఆయన కోటా. పొద్దున్నే సీసాలో కొలిచి పెడతాను. కూరలో తడి కూడా అందులోకే వస్తుంది. ఆరేళ్ళలో ఒక్క వారం ఆ సీసాతో సరిపెట్టుకున్నది లేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి తాగేవారు. పుక్కిలిస్తానని చెప్పి మింగేసేవారు. ఫ్రిజ్‌లో ఐసుముక్కలు మాయమయ్యేవి. నేను అడిగితే, "ఇంట్లో పోలీసుని పెట్టుకున్నాను" అనేవారు. శుక్రవారం తాగిన నీళ్ళకి సోమవారం పొద్దున ఊపిరందక మంచం మీద లేచి కూర్చుంటే, వీపు నిమురుతూ కూర్చున్నది నేను. బతిమాలాను, ఏడ్చాను, ఒట్లు వేయించుకున్నాను. ఆ ఒట్లన్నీ నీళ్ళ మీద రాతలే.

అలాంటి మనిషి మర్నాటి నుంచి సీసా తనే కొలుచుకోవడం మొదలుపెట్టారు. దాహమేస్తే నిమ్మచెక్క నాలిక మీద రాసుకుని ఊరుకునేవారు. ఐసు ట్రే జోలికి పోలేదు. ఆ సోమవారం తూకం చూసి సిస్టర్ రెండోసారి ఎక్కమంది. "ఒకటీ ముప్పాతికే పెరిగారు! మిషన్ పాడైందేమో అనుకున్నా" అంది. ఈయన గొప్పగా నావైపు చూశారు, క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నవాడిలా.

సంతోషించాను. అబద్ధమెందుకు, నిజంగానే సంతోషించాను. తర్వాత వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం ఇంకోటి తట్టింది. నా మాటకి తగ్గని నీళ్ళు, చూడని సముద్రం మాటకి తగ్గాయి.

అక్కణ్ణుంచి నేను కాలికి బలపం కట్టుకుని తిరిగాను. కామెర్ల పరీక్షలు, రక్తపరీక్షలు, ఆఖరి నెల డయాలిసిస్ కాగితాలు, డాక్టరు ఉత్తరం, బీమా కాగితం, వీసా ఫారాలు. రక్తం పట్టడానికి వారానికోసారి వేసే సూదిమందు చల్లగా ఉండాలి కాబట్టి దానికో పెట్టె, విమానం వాళ్ళు ఆపకుండా దానికో చీటీ. ఒక కాగితం తెస్తే దాని మీద ముద్ర లేదనేవాళ్ళు, ముద్ర వేయించుకొస్తే తేదీ తప్పనేవాళ్ళు. తలప్రాణం తోకకొచ్చేది. లాండ్రీలో ఒకరి కోటు చీటీ ఇంకొకరి కోటుకి గుచ్చేశాను. పదకొండేళ్ళలో మొదటిసారి. యజమానురాలు అది చూసి, ఒక స్టూలు తెచ్చి కౌంటరు వెనక వేయించింది.

వీసా ఫోటో కోసం స్టూడియోకి వెళ్ళింది ఆ వారంలోనే.

"కళ్ళు తెరవండమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"తెరిచే ఉన్నాయిగా."

ఇంకోటి తీశాడు. ఇంకోటి. మూడూ నాకు చూపించాడు. మూడింటిలోనూ రెప్పలు వాలిపోయి ఉన్నాయి. "ఇవి తీసుకోరమ్మా. ఇంటికెళ్ళి ఓ పూట పడుకుని రేపు రండి" అన్నాడు. వెటకారం లేదు అతని గొంతులో. బయటికొచ్చి స్టూడియో మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఇంటికెళ్ళి పడుకోవడం అనే పని ఎప్పుడు పెట్టుకోవాలా అని ఆలోచించాను. ఖాళీ దొరకలేదు.

మర్నాడు ఆసుపత్రిలో మా ఆయన నిద్రలో ఉండగా టీచరమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"అక్కడికెళ్ళి నువ్వేం చూడాలనుకుంటున్నావమ్మా?"

"ఆయన చూస్తే చాలండీ."

"ఆయన సంగతి అడగలేదు. నీ సంగతి."

ఎంత ఆలోచించినా నాకు సముద్రం కళ్ళకి కట్టలేదు. ఆయన చెప్పులు, టోపీ, సూది గుచ్చే చేతికి ఎండ తగలకుండా కట్టాల్సిన గుడ్డ, ఇవే కనబడుతున్నాయి. ఆవిడ దుప్పటి సర్దబోయాను.

"క్లాసులో అయితే సున్నా వేసేదాన్ని" అని టీచరమ్మ అటు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ చివర ఒక ఆదివారం మధ్యాహ్నం. అన్నాలయ్యాయి. ఈయన పొద్దుట్నుంచి బల్ల మీద స్కేలు, రంగు పెన్సిళ్ళు పెట్టుకుని ఏదో గీస్తున్నారు. పూర్తయ్యాక నన్ను పిలిచారు. పెద్ద అట్ట మీద తొమ్మిది రోజులకి తొమ్మిది గళ్ళు. ప్రెస్సు మనిషి కదా, గీతలన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. క్లినిక్కు రోజులకి ఎరుపు, బీచి రోజులకి నీలం, ప్రయాణాలకి పసుపు.

"చూడు. సోమవారం క్లినిక్కు. మంగళవారం బీచి. బుధవారం క్లినిక్కు. క్లినిక్కు మన బసకి అరగంట దూరం. ఏడింటికి ఉండాలంటే నువ్వు అయిదున్నరకి లేస్తే సరిపోతుంది. ఇక్కడికంటే గంట ఎక్కువ నిద్ర నీకు!"

నిజంగా నాకేదో బహుమతి ఇస్తున్నట్టే అన్నారు. నేను ఆ గళ్ళు చూస్తూ నిలబడ్డాను. చేతిలో ఆయన తిన్న కంచం ఉంది.

"అక్కడా సోమ, బుధ, శుక్రాలేగా" అన్నాను.

"మరి? రక్తానికి సెలవులుంటాయా?" అని నవ్వారు.

"నేను రానండీ."

"ఎక్కడికి?"

"అక్కడికి. మీరు వెళ్ళండి. నేను రాను."

కంచం తీసుకెళ్ళి తొట్లో పెట్టి కుళాయి తిప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కోపం లేదు, ఏడుపు లేదు. దుకాణంలో ఈ మరక పోదండీ అని చెప్తామే, అలా ఉంది.

ఈయన వంటింటి గుమ్మం దాకా వచ్చారు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరేంటి? టిక్కెట్లు చూశాం, క్లినిక్కు వాళ్ళు ఒప్పుకున్నారు. అన్నీ కుదిరాక ఇప్పుడా చెప్పేది?"

"నాకు సముద్రం చూడాలని లేదు. పడుకోవాలని ఉంది."

ఆయన వెనక్కి బల్ల వైపు చూసి, "సరే అయితే. మానేద్దాం" అన్నారు. అట్ట తీసుకెళ్ళి బీరువా వెనక్కి నెట్టిన చప్పుడు వినబడింది.

ఆ 'మానేద్దాం' ఉంది చూశారూ, అది మహా చెడ్డ మాట. ఆయన మానేస్తే పాపం నాది. నేను వెళ్తే పాట్లు నావి. మింగలేను, కక్కలేను. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా సాయంత్రం దాకా గడిపాం.

ఆదివారాలు మా తమ్ముడు వస్తాడు. లిఫ్టు మెకానిక్కు. భార్య పోయి నాలుగేళ్ళైంది. ఆదివారం సాయంత్రం భోజనం మా దగ్గరే. వచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి, "ఏంటి, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినట్టున్నారు ఇద్దరూ?" అన్నాడు.

 నేనే చెప్పాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది. మా తమ్ముడు అన్నం కలుపుకుంటూ విన్నాడు. వాడికి ఆ దేశం పేరు పలకడం అప్పటికీ రాదు.

"అంతేనా? బావని నేను తీసుకెళ్తా" అన్నాడు.

"నీకేం తెలుసురా ఈ పనులు?" అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా ఇనప్పెట్టెల్ని పైకీ కిందకీ తిప్పుతున్నా. ఈయన్ని తిప్పలేనా? బావ బతుకు కోరేవాడు బావమరిదని ఊరికే అన్నారా?"

"నీ వెటకారం ఆపరా. నేను వెళ్ళట్లేదు" అన్నారు మా ఆయన.

"ఎందుకు బావా? అక్క రాకపోతే సముద్రం ఎండిపోతుందా?"

ఈయన కంచం ముందు నుంచి లేచిపోయారు. తమ్ముడు నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, నీ మొహం చూసుకున్నావా ఈ మధ్య? అమ్మ ఆఖర్రోజుల్లో ఇలాగే ఉండేది." వాడు వెటకారం లేకుండా మాట్లాడితే నాకు భయమేస్తుంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళేటప్పటికి టాక్సీ దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. సెలవు పెట్టానన్నాడు. మా ఆయన మాట్లాడకుండా ఎక్కారు. ఆ రోజు నేను చేసేవన్నీ వాడు పక్కన నిలబడి చూశాడు. తూకం ఎలా రాసుకోవాలి, ఏ చేతికి బీపీ చూడకూడదు, అయిపోయాక కళ్ళు తిరిగితే కాళ్ళు ఎలా ఎత్తాలి. సిస్టర్ సూది తీసింది. మామూలు సూది కాదది, అగ్గిపుల్లంత లావుంటుంది. మా తమ్ముడు ఆ సూదినీ మా ఆయన చేతినీ ఒకసారి చూసి, గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయాడు.

"లిఫ్టు కిందికి పోతోంది!" అంది టీచరమ్మ.

గది గదంతా నవ్వింది. మొహాన నీళ్ళు చల్లితే లేచాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక, సూది కదులుతుందని సిస్టర్ చేత తిట్లు తిన్నారు. "వీణ్ణా నాకు తోడిస్తున్నావు? వీడికి నేను తోడెళ్ళాలి" అన్నారు నాతో. పద్దెనిమిది గంటల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

బుధవారం వాడు మళ్ళీ వచ్చాడు. శుక్రవారం కూడా. మూడోసారికి కళ్ళు తిప్పకుండా చూడగలిగాడు.

ఆ శుక్రవారం తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు మధ్యలో పనికి దిగిపోయాడు. టాక్సీలో మేమిద్దరమే. రోడ్డు తవ్వుతున్నారు, బండి కదలడం లేదు.

"అంత అలసటగా ఉందని నాతో చెప్పొచ్చుగా" అన్నారు ఈయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఎప్పుడు చెప్పను? మీరు కుర్చీలో ఉన్నప్పుడా, ఇంటికొచ్చి పడుకున్నప్పుడా?"

"నాకంటే నీ పాట్లేం తక్కువని కాదు..."

"మీకంటే నాకు ఎక్కువేం కాదండీ. మీ ఒంటికొచ్చింది మీరు పడుతున్నారు. నేనెప్పుడైనా ఆ మాటన్నానా? కానీ మీకు ఆ కుర్చీలోనైనా నాలుగు గంటలు ఎవరూ లేపరు."

డ్రైవరు అద్దంలోంచి చూసి చూపు తిప్పుకున్నాడు.  ఇంటి దగ్గర దిగాక, ఫైలున్న సంచి ఎప్పుడూ నేనే తీసుకుంటాను, ఆ రోజు మా ఆయన తీసుకున్నారు, సూది గుచ్చని చేత్తో. ఆ మధ్యాహ్నం బీరువా వెనక నుంచి అట్ట తీసి, పైన నా పేరున్న చోట రబ్బరుతో తుడిచి బావమరిది పేరు రాశారు.

మే నెల మూడో వారంలో, ఆరు వారాల తూకాలూ సరిగ్గా ఉన్నాయని డాక్టరు సంతకం పెట్టాడు. ఒక శనివారం పొద్దున, ముందు రోజే డయాలిసిస్ చేయించుకుని, వాళ్ళిద్దరూ బయల్దేరారు. విమానాశ్రయంలో లోపలికి వెళ్ళేముందు మా ఆయన వెనక్కి తిరిగి, "సీసా నేనే కొలుచుకుంటాలే" అన్నారు. తమ్ముడు సూదిమందు పెట్టెని పసిపిల్లలా చంకనెత్తుకుని వెళ్ళాడు.

ఇంటికొచ్చి పడుకున్నాను. నిద్ర రాలేదు. మొదటి రెండు రోజులూ విశ్రాంతి అనేది నాకు చేతకాలేదు. బీరువా సర్దాను, కర్టెన్లు ఉతికాను. సోమవారం నాలుగున్నరకి మెలకువొచ్చి, మంచం పక్కన నిలబడి, ఎవర్ని లేపాలో తెలీక మళ్ళీ కూర్చున్నాను. విమానం మధ్యలో ఆయనకి ఏమైనా అయితే, అక్కడి మిషన్ సరిపడకపోతే అన్న భయం ఒకటి. పంపి తప్పు చేశానా అని ఆ రెండు రోజుల్లో వందసార్లు అనుకున్నాను. అక్కడ పొద్దుటైతే మనకి సాయంత్రం. మొదటి క్లినిక్కు బాగా జరిగిందని తమ్ముడు మెసేజి పెట్టేదాకా నాకు అన్నం సయించలేదు.

మంగళవారం ఫోటో పంపారు. మా ఆయన ప్యాంటు మడిచి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. కింద ఒకటే ముక్క: "తప్పు నాదే." నీళ్ళు నిజంగానే లేతగా ఉన్నాయి. ఆ ఫోటో టీచరమ్మకి పంపాను. ఆవిడ గదిలో అందరికీ చూపించిందట. ఆ రాత్రి తొమ్మిదింటికి పడుకున్నదాన్ని మర్నాడు పదింటికి లేచాను. పదమూడు గంటలు. లేచాక ఒళ్ళు నాది కానట్టుంది, తేలిగ్గా.

బుధవారం సాయంత్రం దుకాణంలో ఉండగా వీడియో కాల్ వచ్చింది. కౌంటరు ముందు ఒక పెద్దమనిషి కోటు కోసం నిలబడి ఉన్నాడు. "ఒక్క నిమిషం అండీ" అని ఫోనెత్తాను. మా ఆయన క్లినిక్కు కుర్చీలో ఉన్నారు. మొహం చిరాగ్గా ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. చెయ్యి తిమ్మిరెక్కిపోతోంది. సోమవారమూ అంతే. ఈ సిస్టరు మంచిదే, అంతా చూసి సూది సరిగ్గానే ఉందంటోంది. మన దగ్గర ఆరేళ్ళలో ఒక్కసారి ఇలా అవలేదు. వాళ్ళు ఏం చేస్తారో నీకేమైనా తెలుసా?"

"మోచేతి కింద తువ్వాలుందా?"

"తువ్వాలేంటి?"

కౌంటరు మీద ఇస్త్రీ అయిన తువ్వాళ్ళ దొంతర ఉంది. ఒకటి తీసి, ఫోను నా నీళ్ళ సీసాకి ఆనించి, ఆయనకి కనబడేలా పెట్టాను. "ఇలా పొడుగ్గా మూడు మడతలు. తర్వాత ఈ చివర నుంచి చుట్ట చుట్టాలి, మరీ బిగించకుండా. మోచేతి కింద కాదు, కొంచెం ఇవతలికి, ఎముక ఆనకుండా. గంటకోసారి కాస్త జరపాలి. తమ్ముణ్ణి చెయ్యమనండి."

తమ్ముడి చేతులు తెరలోకి వచ్చాయి. తువ్వాలు మడిచి, చుట్టి, సర్దాయి. మా ఆయన వేళ్ళు కదిపి చూసుకున్నారు. మొహం తేటపడింది.

"సరిపోయింది" అన్నారు. తర్వాత, "అక్కడ ఇది సిస్టరు పెడుతుందా?"

"లేదండీ. నేను పెడతాను."

"ఎప్పుడు?"

"సూది గుచ్చేప్పుడు మీరు కళ్ళు గట్టిగా మూసుకుంటారుగా. అప్పుడు."

"గంటకోసారి జరిపేది?"

"నేనే. మీరు నిద్రలో ఉంటారు."

ఆయన నన్ను చూస్తున్నారు. నేను తువ్వాలు మడత విప్పి మళ్ళీ దొంతరలో పెట్టాను. కోటు కోసం వచ్చిన పెద్దమనిషి గడియారం చూసుకోబోయి, ఎందుకో మానేసి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆరేళ్ళ నుంచా?" అన్నారు మా ఆయన.

"కౌంటర్లో మనుషులున్నారండీ. ఉంటాను" అని పెట్టేశాను. కోటు ఇచ్చి, చీటీ తీసుకుని, స్టూలు మీద కూర్చున్నాను. 

వాళ్ళు తిరిగొచ్చింది మే ఆఖర్లో, ఇంకా వానలు పడకముందే. మా ఆయన నల్లబడ్డారు, తూకం పెరగలేదు. తమ్ముడు అందరికీ చెప్పడానికి సరిపడా కథలు తెచ్చాడు. ఇంటికొచ్చిన రోజు మా ఇద్దరి మధ్య పెద్ద మాటలేమీ జరగలేదు. క్షమించమని ఆయన అనలేదు, నేను అనిపించుకోలేదు. అన్నం తిని పడుకున్నాం. పడుకునేముందు మాత్రం, "రేపు నువ్వు రావద్దు. వెళ్ళడానికి నేను వెళ్తా, తీసుకురావడానికి వాడొస్తాడు. బుధవారం చూద్దాం" అన్నారు.

"సిస్టరుకి మందుల సంగతి..."

"నోరుందిగా నాకు."

సోమవారం నాలుగున్నరకి అలవాటుగా మెలకువ వచ్చింది. పక్కన ఆయన లేరు. వంటింట్లో దీపం వెలుగుతోంది. ఒక గూడు తలుపు తీశారు, వేశారు. ఇంకోటి తీశారు. డబ్బాలు పక్కకి జరిపిన చప్పుడైంది. దేనికోసమో వెతుకుతున్నారు. ఏది వెతుకుతున్నారో, అది ఎక్కడుందో ఆ చప్పుళ్ళని బట్టి నాకు తెలుస్తూనే ఉంది. ఒక కాలు దుప్పట్లోంచి బయటికి వచ్చింది కూడా.

కాలు లోపలికి తీసుకున్నాను.

కాసేపటికి చప్పుడాగింది. దొరికినట్టుంది. వీధి తలుపు చప్పుడు కాకుండా వేసుకుని ఆయన వెళ్ళారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.